గుంజాయిష్: ఒక పాత పెద్ద కారు తారీఖ్



పోయిన జుమ్మా నాడు మా పెద్దోడు అమెరికా నుంచి ఫోన్ చేశాడు. టెక్సస్‌లో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడు. "అబ్బా, ఒక పాత బండి చూశాను. టొయోటా ఆవలాన్, 2016 మోడల్. లోపల చాలా జాగా ఉంది. అమ్మీ మోకాళ్లకి ఎక్కడం దిగడం సులువు. లోన్ లేకుండా పూర్తిగా నగదు ఇచ్చి తీసుకోగలను. కానీ ఇక్కడ మన పిల్లలంతా కొత్త ఎస్‌యూవీలు కొంటున్నారు. ముసలోళ్ల కారు కొంటున్నావని నన్ను చూసి నవ్వుతున్నారు. మీరేమంటారు?"

"కార్పెట్ ఎత్తి వాసన చూశావా?" అని అడిగాను. లేదన్నాడు. "ముందు అది చూడు బేటా, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేశాను. మిగతాది ఫోన్‌లో చెప్పేంత చిన్న కిస్సా కాదు. వాడు జిద్దాలో ఏ కారు వెనక సీట్లో నిద్రపోతూ పెరిగాడో, ఆ కారు మా దగ్గరికి ఎందుకు వచ్చిందో వాడికి తెలీదు. మీలో చాలా ఇళ్లల్లో కూడా ఒక సౌదీ ఫోటో ఉంటుంది. పెద్ద అమెరికన్ కారు, దాని బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడిన అబ్బానో, చాచానో, మామూనో. ఆ ఫోటో వెనక ఉన్న హకీకత్ ఏంటో కొంచెం చూద్దాం.

ఉర్దూలో గుంజాయిష్ అని ఒక మాట ఉంది. జాగా, వీలు, ఇంకొకరికి చోటు, ఇంకొంచెం భరించే తాకత్, ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. అమెరికావాళ్లు ఫుల్ సైజ్ సెడాన్ అని పిలిచే కారు అచ్చంగా గుంజాయిష్ కోసం కట్టిన కారు. పాత రోజుల్లో చాలావాటిలో ముందు రెండు సీట్లు వేరువేరుగా ఉండేవి కాదు, ఒకటే పొడుగాటి బెంచీ ఉండేది. గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే ఉండేది కాబట్టి ముందు ముగ్గురు, వెనక ముగ్గురు కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లు. డిక్కీలో ఒక ఖాందాన్ సామానంతా పడుతుంది. మన దేశంలో అప్పట్లో పెద్ద కారు అంటే అంబాసిడరే కదా, దాని పొడుగు 4.3 మీటర్లు. నేను చెప్పబోయే షెవర్లే కాప్రిస్ పొడుగు దాదాపు 5.4 మీటర్లు.

1965లో షెవర్లే కంపెనీ తన ఇంపాలా కారుకే ఇంకొంచెం షాన్ కలిపి కాప్రిస్ అని పేరు పెట్టింది. మరుసటి ఏడు అది విడి మోడల్ అయింది. ఆ 1965లో అమెరికాలో ఇంపాలాలు పది లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. అక్కడ అది సేఠ్‌ల కారు కాదు. ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, బడిపంతులు, దుకాణందారు, అందరూ కొన్నారు. పెట్రోలు చవక, రోడ్లు వెడల్పు. అది ఎంత తాగుతుందని అడిగేవాళ్లు తక్కువ.

1973 అక్టోబరులో ఆ లెక్క తిరగబడింది. అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ జంగ్ జరిగింది. ఇజ్రాయెల్‌కు మద్దతిచ్చినందుకు అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. పీపా 3 డాలర్ల దగ్గర ఉన్న చమురు 1974 జనవరి కల్లా 11 డాలర్లు దాటింది. అమెరికా బంకుల ముందు కార్లు బారులు తీరాయి. 1975లో అక్కడి ప్రభుత్వం కార్ల మైలేజీ మీద కానూన్ తెచ్చింది. 1977లో కాప్రిస్‌ని దాదాపు 11 అంగుళాలు కురచ చేసి, సుమారు 300 కిలోలు తగ్గించారు. అయినా లోపలి జాగా పోకుండా జాగ్రత్తపడ్డారు, ఆ ఏడు అక్కడి పత్రిక మోటార్ ట్రెండ్ దానికే 'కార్ ఆఫ్ ద ఇయర్' ఇచ్చింది. కానీ పెద్ద కారంటే ఖర్చు అనే భయం మాత్రం జనం మనసులో ఉండిపోయింది.

అమెరికా ఇంటి ముందు పెద్ద కారును బరువు చేసిన ఆ ధరే, గల్ఫ్ దేశాల ఖజానాలు నింపింది. సౌదీలో చమురు అప్పుడు కొత్తగా దొరికిందేమీ కాదు. దమ్మామ్‌లో ఏడో నంబరు బావిలో 1938లోనే పడింది. కానీ 1973 తర్వాత వచ్చిన దౌలత్ వేరు. రోడ్లు, ఓడరేవులు, ఆస్పత్రులు, కొత్త షహర్‌లు, అన్నీ ఒక్కసారే మొదలయ్యాయి. కట్టడానికి చేతులు కావాలి. ఆ చేతులు కేరళ నుంచి, హైదరాబాద్ నుంచి, కరీంనగర్, నిజామాబాద్ నుంచి, మా కడప నుంచి వెళ్లాయి. కాబట్టి పెద్ద కారుకూ మన వాళ్లకూ పాత రిష్తానే ఉంది. ఒకే ధర దాన్ని ఒకచోట బరువు చేసింది, మనల్ని ఇంకోచోట విమానం ఎక్కించింది. గల్ఫ్‌లో పెట్రోలు నీళ్ల కన్నా చవక అనే రోజులవి. అమెరికాలో భారమైన కారు అక్కడ షాన్‌గా తిరిగింది. ఎండాకాలం 45 డిగ్రీల వేడిలో దాని ఏసీ ఇచ్చే చల్లదనం ఇంకే చిన్న కారూ ఇచ్చేది కాదు.

నేను 1993లో జిద్దా వెళ్లాను, ఒక దుకాణాల కంపెనీలో అకౌంట్స్ పని. అక్కడ ఇకామా మీద ఏ పని అని రాసి ఉందో దాన్ని బట్టే మనిషి జిందగీ. లేబర్ అని రాసి ఉంటే భార్యాపిల్లల్ని తెచ్చుకునే ఇజాజత్ లేదు. నాది అకౌంటెంట్ అని ఉంది కాబట్టి, అల్‌హందులిల్లాహ్, 1997లో పిల్లల అమ్మీ, చంకలో పెద్దోడు వచ్చారు. నాకన్నా పదేళ్లు ముందొచ్చి, నాకన్నా ఎక్కువ కష్టపడే మా కడప భాయిలు చాలామంది ఆరుగురికో గదిలో ఒంటరిగానే ఉండిపోయారు.

1998లో హరాజ్‌కి వెళ్లాను. హరాజ్ అంటే అక్కడ పాత బండ్ల వేలంపాట మైదానం. మన సీమలో, తెలంగాణలో వేలంపాటని హర్రాజు అంటాం కదా, అదే మాట. అరబ్బీ నుంచి ఉర్దూలోకి, ఉర్దూ నుంచి మన తెలుగులోకి వచ్చింది. నేను తిరిగి అది పుట్టిన చోటికే పోయి పాట పాడాను. 1991 మోడల్ కాప్రిస్, తెల్లది, ముందు బెంచీ సీటు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. పాట 12,000 రియాళ్ల దగ్గర ఆగింది. అప్పటికి మన రూపాయల్లో లక్షా ముప్పై వేల చిల్లర. ఐదేళ్ల బచత్‌లో పెద్ద ముక్క. కిస్తుల మీద కొత్త జపాన్ కారు తీసుకోమని ఆఫీసులో అందరూ చెప్పారు. సూద్ కట్టడం నాకు ఇష్టం లేదు. అంతకన్నా ముఖ్యం, రేపు నౌకరీ ఉంటుందో లేదో తెలీని ముసాఫిర్‌కి నెలనెలా అప్పు ఎందుకు?

అమ్మినాయన "గేర్‌బాక్స్ కొత్తదానిలా ఉంది, వల్లాహి" అన్నాడు. నేను ఆయిల్ కడ్డీ తీసి చూశాను, ఎర్రగా శుభ్రంగా ఉంది. ఖుషీ అయిపోయాను. ఇరవై రోజుల తర్వాత తాయిఫ్ వెళ్తూ అల్ హదా ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజను అరుస్తోంది, బండి మాత్రం ముందుకు పోవడం లేదు. నిండు నెలల మనిషి పిల్లల అమ్మీ పక్కన ఉంది. ఎలాగో వెనక్కి దింపుకుని వచ్చాను. పెషావర్ నుంచి వచ్చిన మెకానిక్ ఖాన్ సాబ్ విప్పి చూసి నవ్వాడు. "నూనె నిన్న మార్చినట్టు కొత్తగా ఉంది, క్లచ్ ప్లేట్లు మాత్రం బొగ్గయ్యాయి. ఆయిల్ ఎర్రగా ఉండటం చూసి కొన్నావు. ఎందుకు ఎర్రగా ఉందని అడగలేదు" అన్నాడు. పాత బండి అమ్మేవాడు మరీ కొత్తగా చేసి చూపించే భాగాన్నే ముందు అనుమానించాలని నాకు 2,200 రియాళ్ల ఫీజు కట్టాక అర్థమైంది.

ఆ తర్వాత పదకొండేళ్లు అది మమ్మల్ని ఎక్కడా నిలబెట్టలేదు. కానీ నాకు దాని ఇంజను కన్నా ఆ ముందు సీటే గుర్తు. జిద్దా నుంచి మదీనా 400 కిలోమీటర్ల పైనే. టాక్సీ మాట్లాడుకోలేని మన ఊరి భాయిలు జుమేరాత్ రాత్రి ఫోన్ చేసేవాళ్లు. "భాయ్, బండిలో ఒక మనిషికి జాగా ఉందా?" కాప్రిస్‌లో ఎప్పుడూ ఉండేది. బుర్ఖాలో పిల్లల అమ్మీ, పిల్లలు, అన్నం డబ్బా, ఫ్లాస్కు వెనక. ముందు నేనూ, ఇద్దరు బ్యాచిలర్ భాయిలూ.

ఒకసారి నంద్యాల నుంచి వచ్చిన ఒక భాయి మాతో ఎక్కాడు. భవనాల దగ్గర టైల్స్ పని. మా రెండోది, ఆడపిల్ల, అప్పటికి ఏడాది నిండింది. ఏడుస్తుంటే ఆయన ముందు సీటు నుంచి చేతులు చాచి తీసుకున్నాడు. ఒళ్లో పడుకోబెట్టుకుని మదీనా దాకా కదలకుండా కూర్చున్నాడు. కాలు తిమ్మిరెక్కి ఉంటుంది, ఇవ్వమన్నా ఇవ్వలేదు. దిగేటప్పుడు చెప్పాడు, ఆయనకీ ఒక బేటీ ఉందట, నాలుగేళ్లది. రెండుసార్లు చూశాడట. నేను దువా చేయమని కూడా అడగలేకపోయాను. ఆ రాత్రి మస్జిద్‌లో నాకు ఒకటే ఖయాల్. నా బండిలో ఆయనకి చోటుంది. ఆయన బేటీకి ఈ దేశంలో చోటు లేదు. కాగితం మీద ఒక్క మాట తేడా.

మేం ఆ కారులో తిరుగుతున్న రోజులకే పుట్టినింట్లో దాని కథ అయిపోయింది. కాప్రిస్ చివరి కార్లు 1996లో టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీలో కట్టారు, ఇప్పుడు మా పెద్దోడు ఉన్న చోటికి పక్క ఊరే అది. అదే ఫ్యాక్టరీని తర్వాత పెద్ద ఎస్‌యూవీలు కట్టడానికి మార్చేశారు, లాభం అందులో ఎక్కువ. గల్ఫ్ మాత్రం కాప్రిస్‌ని వదల్లేదు. 1999 నుంచి ఆస్ట్రేలియాలో హోల్డెన్ కంపెనీ కట్టిన కారు మీద షెవర్లే కాప్రిస్ అని పేరు పెట్టి అక్కడ అమ్మారు. 2017లో హోల్డెన్ ఫ్యాక్టరీ మూతపడింది. దాని జోడీ ఫోర్డ్ క్రౌన్ విక్టోరియాదీ అదే కథ. 2011 సెప్టెంబరులో కెనడాలోని ఫ్యాక్టరీలో ఆఖరి కారు బయటికొస్తే, అది సౌదీకి పోవాల్సిన కారు.

మా కాప్రిస్ అంతం ఎవరూ అనుకోని విధంగా వచ్చింది. 2009 నవంబరు 25, జుల్‌హిజ్జా ఎనిమిదో తారీఖు, హాజీలు మినాకి కదిలే రోజు. జిద్దాలో పొద్దున మొదలైన వాన కొన్ని గంటల్లో వరదైంది. మురుగు కాల్వలు సరిగా లేని ఊరు. వందకు పైగా మనుషులు షహీద్ అయ్యారు, అల్లాహ్ వాళ్లకి మగ్ఫిరత్ చేయుగాక. వేల కార్లు నీళ్లలో తేలాయి. మేం పై అంతస్తులో ఉన్నాం, బతికాం. కింద బండి కిటికీల దాకా మునిగింది. నీళ్లు తీశాక తలుపు తీస్తే సీటు నిండా బురద. ఆ సీటు మీద మూడు ఖాందాన్‌ల పిల్లలు పెరిగారు.

ఆ తర్వాత కొన్ని నెలలు నేను ఇంకో బండి కోసం తిరిగాను. కడిగి, ఆరబెట్టి, అత్తరు కొట్టి పెట్టిన వరద బండ్లు చూశాను. పైన మెరుస్తాయి. కార్పెట్ ఎత్తితే తడి మట్టి వాసన. సీటు కింద ఇనుప పట్టాలకి తుప్పు. పెద్దోడిని కార్పెట్ గురించి అడిగింది అందుకే. వాడుండే టెక్సస్‌లో 2017లో హార్వీ తుఫాను హ్యూస్టన్‌ని ముంచింది. అలాంటి నీళ్లలో మునిగిన బండ్లు ఎన్ని చేతులు మారి ఎక్కడ తేలతాయో ఎవరికి తెలుసు?

ఇక అసలు దెబ్బ వరదతో రాలేదు. 2014లో చమురు ధర పడటం మొదలైంది. 1973 లెక్కే, ఈసారి తిరగేసి. 2016 మొదట్లో సౌదీలో 91 రకం పెట్రోలు లీటరు 45 హలాలాల నుంచి 75 హలాలాలకు పెరిగింది. 2018 జనవరిలో 1.37 రియాళ్లయింది. అది భరించొచ్చు. 2017 జూలైలో పరాయి దేశస్థుల కుటుంబాల మీద ఫీజు పెట్టారు. ఒక్కో డిపెండెంట్‌కి నెలకు 100 రియాళ్లు, ఏటా ఇంకో వంద పెంచుతూ 2020 నాటికి 400. నా మీద ముగ్గురు. పెద్దోడు అప్పటికే హైదరాబాద్‌లో చదువుతున్నాడు. ఒక రాత్రి కూర్చుని హిసాబ్ చేశాను. 2020లో భార్యనీ ఇద్దరు పిల్లల్నీ నా దగ్గర ఉంచుకోవడానికి ఏడాదికి 14,400 రియాళ్లు. పన్నెండు వేలకి నేను ఆ కాప్రిస్‌నే కొన్నాను. అందరం పట్టే కారు ధర కన్నా, అందరం కలిసి ఉండే ధర ఎక్కువైంది.

2018లో పిల్లల్ని, వాళ్ల అమ్మీని కడపకి పంపేశాను. ఆ ఏడు ఎయిర్‌పోర్టులో అలాంటి ఖాందాన్‌లు ఎన్నో. వాళ్ల సోఫాలు, ఫ్రిజ్‌లు, పిల్లల సైకిళ్లు, కార్లు అన్నీ పావు ధరకి అమ్ముడుపోయాయి. నేను ఇంకో ఏడాది గది పంచుకుని ఉన్నాను, నంద్యాల భాయి ఉన్నట్టే. ఆయన ఇరవై ఏళ్లు ఎలా ఉన్నాడో నాకు ఆ ఒక్క ఏడాదిలో తెలిసింది. 2019లో నేనూ వచ్చేశాను.

ఇప్పుడు నీ ఆవలాన్ సంగతికి వస్తాను బేటా. నువ్వు చూసిన బండి ఖాందాన్ నాకు తెలీనిది కాదు. 1994లో కెంటకీలో కట్టడం మొదలుపెట్టిన మొదటి ఆవలాన్‌లకి కాప్రిస్ లాగే ముందు బెంచీ సీటు కూడా ఇచ్చేవాళ్లు. తర్వాత అదీ తీసేశారు. 2022లో అమెరికాలో ఆవలాన్ కట్టడమే ఆపేశారు. అంతకుముందే 2019లో ఫోర్డ్ టారస్, 2020లో ఇంపాలా అమెరికాలో ఆగిపోయాయి. 2023లో క్రైస్లర్ 300 ఆగింది. మామూలు మనిషి కొనగలిగే పెద్ద సెడాన్ కావాలంటే ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే వెతకాలి. నీ దోస్తులు నవ్వేది ఆ కారు పాతదని. కొత్తది దొరకదని వాళ్లకి తెలీదు.

నాలుగు పనులు చెయ్. కార్పెట్, స్పేర్ టైరు గుంత, సీటు పట్టాలు చూడు. టైటిల్ కాగితం మీద సాల్వేజ్ అనో వరద అనో ఉందేమో, పేరు ఎన్నిసార్లు మారిందో చదువు. పొద్దున్నే పో, ఇంజను చల్లగా ఉండగా నువ్వే స్టార్ట్ చెయ్, ఆయన ముందే వేడి చేసి ఉంచితే ఎందుకని అడుగు. అమ్మేవాడికి తెలిసిన మెకానిక్‌కి కాకుండా నీకు తెలిసినాయనకి వంద డాలర్లిచ్చి చూపించు. అది దండగ కాదు, నాకు 2,200 రియాళ్లు పడ్డ పాఠం అది.

బాగుందంటే తీసుకో. ఎవరు నవ్వినా నవ్వనీ. మేం ఇన్షాఅల్లాహ్ వచ్చే నెల వస్తాం. మీ అమ్మీ వెనక కూర్చుంటుంది, మనవరాలు ఒళ్లో. కానీ ఒక్క మాట. ఆ ఊళ్లో కొత్తగా వచ్చిన మన పిల్లలు, కారు లేనివాళ్లు, జుమ్మాకి మస్జిద్‌కి పోవడానికి ఎవరినో అడుగుతూ ఉంటారు. నీ బండిలో ఒక మనిషికి జాగా ఉందా అని ఎవరైనా అడిగితే, ఎంతమందిమి ఉన్నామో లెక్కపెట్టకముందే ఉందని చెప్పు. సర్దుకోవడం తర్వాత చూసుకోవచ్చు.